పాత లాషెనాల్ క్రేన్ డ్యూయెట్ కాన్సర్టీనా, 48 బటన్లు: ఆ వరసల వెనకున్న లెక్క

కాన్సర్టీనా అంటే రెండు చేతుల మధ్య పట్టుకుని, మడతల గాలితిత్తి (బెలోస్) మూస్తూ తెరుస్తూ బటన్లు నొక్కి వాయించే చిన్న రీడ్ వాద్యం. ముందే తీర్పు చెప్పేస్తాం. బెలోస్ గట్టిగా ఉండి, లోపలి భాగాల మీద సీరియల్ నంబర్లు కలిసి, బటన్లన్నీ పలికే పాత లాషెనాల్ 48 బటన్ల క్రేన్ డ్యూయెట్ దొరికితే నిస్సందేహంగా కొనొచ్చు. హార్మోనియం మీద చెయ్యి ఆడినవాళ్లకి మిగతా కాన్సర్టీనాలకన్నా ఇదే తొందరగా పట్టుబడుతుందని మా అభిప్రాయం. చిక్కల్లా దీన్ని దీని పేరుతో అమ్మేవాళ్లు తక్కువ కావడమే. సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లో ఇది చాలాసార్లు "48 బటన్ల ఇంగ్లిష్ కాన్సర్టీనా" అన్న చీటీతో వస్తుంది. కొన్నవాళ్లు ఇంగ్లిష్ కాన్సర్టీనా పాఠాలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఒక్క స్వరం కూడా పాఠంలో చెప్పిన చోట ఉండదు. వాద్యం పాడైందనో, ఎవరో రీడ్లు తారుమారు చేశారనో అనుకుని సగం ధరకి అమ్మేస్తారు. నిజానికి దాంట్లో ఏ లోపమూ ఉండదు.

ఆరు మూలల చెక్కలు, మధ్యలో మడతల బెలోస్, రెండు పక్కలా బటన్లు: బయటికి కాన్సర్టీనాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం అవి వేర్వేరు వాద్యాలు: ఆంగ్లో, ఇంగ్లిష్, డ్యూయెట్ అని మూడు రకాలు. డ్యూయెట్లలో ఒక అమరిక పేరే క్రేన్. తేడా రీడ్ల దగ్గర, అంటే గాలికి కంపించి పలికే సన్నటి లోహపు నాలుకల దగ్గర మొదలవుతుంది. హార్మోనియంలో గాలి రీడ్ మీదికి ఎప్పుడూ ఒకే దిక్కుగా వెళ్తుంది. కాన్సర్టీనాలో బెలోస్ మూసేటప్పుడు ఒక రీడ్, తెరిచేటప్పుడు మరో రీడ్ పలుకుతుంది. అందుకే ప్రతి బటన్‌కీ రెండు రీడ్లు, 48 బటన్లకి 96 రీడ్లు. ఆంగ్లో రకంలో ఆ రెండు రీడ్లూ వేర్వేరు స్వరాలు: మూస్తే సి పలికిన బటన్, తెరిస్తే బి పలకొచ్చు. ఇంగ్లిష్, డ్యూయెట్ రకాల్లో రెండూ ఒకటే స్వరం.

కాబట్టి మొదటి పరీక్ష క్షణంలో అయిపోతుంది. ఏదైనా ఒక బటన్ నొక్కిపట్టి బెలోస్ మూయండి, తెరవండి. స్వరం మారితే ఆంగ్లో, మారకపోతే మిగతా రెంట్లో ఒకటి. రెండో పరీక్షకి చెవి కూడా అక్కర్లేదు. బొటనవేలు దూర్చే చిన్న తోలు ఉంగరం, చిటికెనవేలు ఆనించే లోహపు రేకు ఉంటే ఇంగ్లిష్. బొటనవేలు తప్ప మిగతా వేళ్లన్నీ దూరే వెడల్పాటి పట్టీ, దాని కింద అరచెయ్యి ఆనే చెక్క కడ్డీ ఉంటే ఆంగ్లో గాని డ్యూయెట్ గాని. మూడోది లెక్క. ఇంగ్లిష్ 48లో రెండు పక్కలా 24 చొప్పున సమానంగా ఉంటాయి. క్రేన్ 48లో ఎడమ 20, కుడి 28. ఈ 20, 28 లెక్క కనిపించి, స్వరం మారకుండా ఉంటే ఇంక సందేహం పెద్దగా ఉండదు. మెకాన్ అనే మరో డ్యూయెట్ కూడా తరచు కనిపిస్తుంది. దాంట్లో సాధారణంగా 46 బటన్లు, ఎడమ 21, కుడి 25. నిలువు వరసలు మెకాన్‌లో ఆరు, క్రేన్‌లో ఐదు. ఫొటో చూసి కొనేవాళ్లకి ఈ ఆరు, ఐదు లెక్కే అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు.

చరిత్ర రెండు ముక్కల్లో. ఇంగ్లిష్ రకం చార్లెస్ వీట్‌స్టన్‌ది. క్రేన్ అమరికకి ఇంగ్లండ్‌లో 1896లో పేటెంట్ తీసుకున్నది జాన్ బటర్‌వర్త్. లివర్‌పూల్‌లోని క్రేన్ అండ్ సన్స్ అనే సంగీత వాద్యాల దుకాణం అమ్మింది కనక క్రేన్ అన్న పేరు నిలిచింది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ ఇదే అమరికని ట్రయంఫ్ అన్న పేరుతో వాడింది. చెక్క మీద ట్రయంఫ్ అని ఉన్నా, క్రేన్ అని ఉన్నా బటన్ల వరస ఒక్కటే. లండన్‌లోని లాషెనాల్ కంపెనీ వీటిని చాలా చేసింది. 1930ల్లో ఆ కంపెనీ మూతపడింది, అంటే మీ చేతికొచ్చేది ఎంత తక్కువన్నా ఎనభై ఏళ్లు దాటిన వస్తువు.

ఇప్పుడు అసలు సంగతి, అమరిక. నిలువు వరసలు ఐదింట్లో మధ్య మూడింట్లో షార్ప్, ఫ్లాట్ లేని శుద్ధ స్వరాలే ఉంటాయి, అవి కూడా వరసగా. అంచున ఉన్న రెండు వరసల్లో షార్ప్‌లు, ఫ్లాట్‌లు. కుడి పక్క, అరచేతి కడ్డీకి దగ్గరున్న అడ్డవరస నుంచి పైకి, ఎడమ నుంచి కుడికి చదివితే ఇలా ఉంటుంది:

మొదటి వరస: సి షార్ప్, సి, డి, ఇ, ఇ ఫ్లాట్
రెండో వరస: ఎఫ్ షార్ప్, ఎఫ్, జి, ఏ, జి షార్ప్
మూడో వరస: బి ఫ్లాట్, బి, సి, డి, సి షార్ప్
నాలుగో వరస: ఇ ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎఫ్ షార్ప్

ఐదో వరస మధ్యలో ఏ, బి, సి. ఆపైన మిగిలిన మూడు బటన్లతో 28 పూర్తవుతాయి. కుడి పక్క మధ్య సి నుంచి మొదలై రెండు ఆక్టేవ్‌లు (స్థాయిలు) దాటి ఇ ఫ్లాట్ దాకా, మధ్యలో ఒక్క స్వరం కూడా వదలకుండా వెళ్తుంది. ఎడమ పక్క దానికన్నా ఒక ఆక్టేవ్ కింద సి దగ్గర మొదలై, మధ్య సి దాటి జి దాకా, నాలుగు వరసల్లో 20 స్వరాలు. రెండు చేతులకీ ఉమ్మడిగా దొరికే స్వరాలు ఎనిమిది. పాట కుడిచేత్తో, ఆధారం ఎడమచేత్తో విడివిడిగా వాయించడానికే డ్యూయెట్ పుట్టింది. ఇంగ్లిష్ రకంలో ఇది కుదరదు. అక్కడ స్కేల్‌లో ఒక స్వరం ఎడమ పక్క, తర్వాతది కుడి పక్క వస్తుంది.

పై నాలుగు వరసల్లో అంచు బటన్ల సంగతి ఒకసారి గమనించండి. ప్రతి అంచు స్వరం తన పక్కనున్న శుద్ధ స్వరానికి అరమెట్టు దూరంలోనే ఉంది. సి పక్కన సి షార్ప్, ఇ పక్కన ఇ ఫ్లాట్, ఏ పక్కన జి షార్ప్. అంచు వరసలని విడిగా బట్టీ పట్టక్కర్లేదు, మధ్య స్వరం గుర్తుంటే చాలు. ఇంత శుభ్రంగా ఆలోచించిన అమరిక మెకాన్‌లో లేదు. అక్కడ ఒక ఆక్టేవ్‌లో నేర్చుకున్న క్రమం పై ఆక్టేవ్‌లో మారిపోతుంది.

క్రేన్‌లోనూ కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. కింది సి మధ్య మూడు వరసల్లో మొదటిదాంట్లో ఉంది. పై సి రెండోదాంట్లో, ఆపై సి మూడోదాంట్లో. ఎందుకంటే అడ్డవరసకి మూడు శుద్ధ స్వరాలే, ఆక్టేవ్‌కి ఏడు. రెండు అడ్డవరసలు నిండాక ఒకటి మిగులుతుంది, అందుకని ఆక్టేవ్ మారితే స్వరం రెండు అడ్డవరసలు పైకి, ఒక నిలువు వరస కుడికి జరుగుతుంది. ఈ "రెండు పైకి, ఒకటి కుడికి" అన్న సూత్రం మధ్య మూడింట్లో మొదటి రెండు నిలువు వరసల స్వరాలకి చెల్లుతుంది. మూడోదాంట్లో ఉన్న ఇ, ఏ లాంటివి మాత్రం మూడు అడ్డవరసలు పైకెళ్లి మళ్లీ మొదటిదాంట్లోకి వస్తాయి. మొదటి వారం స్కేల్స్ కన్నా ఆక్టేవ్‌లే సాధన చెయ్యమని మా సలహా. సి నుంచి సి, డి నుంచి డి, ఎఫ్ నుంచి ఎఫ్. ఆ కదలిక చేతికి పడితే మిగతా అమరిక దానంతటదే అర్థమవుతుంది.

వేళ్ల సంగతి. కుడిచేత్తో చూపుడువేలికి మధ్య మూడింట్లో మొదటి వరస, మధ్యవేలికి రెండోది, ఉంగరపువేలికి మూడోది. ఎడమ అంచుకి చూపుడువేలు జరుగుతుంది, కుడి అంచుకి చిటికెనవేలు వెళ్తుంది. ఎడమ పక్క అమరిక కుడిదానికి అద్దంలో ప్రతిబింబం కాదు, అక్కడ కూడా స్వరాలు ఎడమ నుంచి కుడికే పెరుగుతాయి. కాబట్టి సి, డి, ఇ కుడిచేత్తో చూపుడు, మధ్య, ఉంగరపువేళ్లతో వస్తే, ఎడమచేత్తో ఉంగరపు, మధ్య, చూపుడువేళ్లతో వస్తాయి. హార్మోనియం మెట్ల మీద రెండు చేతులూ పెట్టినా జరిగేది ఇదే కదా.

మన సంగీతం వాయించాలనుకునేవాళ్లకి ఒక ఉదాహరణ. సి ని షడ్జమం చేసుకుంటే, అంటే ఒకటి శ్రుతి, మాయామాళవగౌళ కుడి పక్క ఇలా పడుతుంది: స సి, రి సి షార్ప్, గ ఇ, మ ఎఫ్, ప జి, ద జి షార్ప్, ని బి, పై స సి. సరళీ వరసల మొదటి అడుగులోనే ఒక చిక్కు ఉంది. స, రి రెండూ చూపుడువేలి ఇలాకాలోవే. ఒకే వేలు ఒక బటన్ మీంచి పక్కదానికి దూకితే మధ్యలో శబ్దం తెగుతుంది. అందుకని స మధ్యవేలితో, రి చూపుడువేలితో, గ ఉంగరపువేలితో పట్టాలి. ద దగ్గర చిటికెనవేలు వెళ్తుంది, అది మొదట్లో బలహీనంగానే ఉంటుంది. శంకరాభరణానికి ఈ ఇబ్బందేమీ లేదు, మొత్తం మధ్య మూడు వరసల్లోనే నడుస్తుంది. గమకాలు ఆశించకండి, రీడ్ వాద్యానికి అది హార్మోనియంలో ఎంత సాధ్యమో ఇక్కడా అంతే. ఇంకొక పరిమితి: శ్రుతి మారిస్తే వేళ్ల క్రమం మారుతుంది. ఒకటి, నాలుగు, ఐదు శ్రుతులు సుఖం. ఒకటిన్నర, నాలుగున్నర శ్రుతుల్లో అంచు వరసల మీద పని ఎక్కువ, వేగం తగ్గుతుంది. ఏ శ్రుతిలోనైనా వేళ్లు ఒకేలా నడవాలనుకునేవాళ్లకి హేడెన్ అమరిక ఉన్న డ్యూయెట్ నయం.

కొన్న వాద్యం పై పటానికి సరిపోయిందా లేదా అని ఎవరికి వారు చూసుకోవాల్సిందే. వందేళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒక బటన్ మార్చి ఉండొచ్చు, కొన్నవాళ్లు కోరితే తయారీలోనే మార్చిచ్చిన వాద్యాలూ ఉన్నాయి. గళ్ల కాయితం మీద ఐదు నిలువు వరసలు గీసి, ఒక్కో గడినీ రెండుగా చీల్చండి, ఒకటి మూసేటప్పుడు, ఒకటి తెరిచేటప్పుడు. సెంట్లు (అరమెట్టులో వందో వంతు ఒక సెంటు) చూపించే ట్యూనర్ యాప్ ఒకటి పెట్టుకుని ఏ=440 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. బెలోస్‌ని ఒకే ఒత్తిడితో నడపండి, గట్టిగా తోస్తే శ్రుతి కాస్త దిగుతుంది. ప్రతి బటన్‌కీ స్వరం పేరు, సెంట్ల తేడా రెండు దిక్కులా రాయండి. కింది స్వరాల దగ్గర యాప్ ఒక ఆక్టేవ్ ఎక్కువ చూపించడం మామూలే, రీడ్ శబ్దంలో పై హార్మోనిక్స్ బలంగా ఉంటాయి కనక. అక్కడ చెవినే నమ్మండి.

రాసిన కాయితం చాలా చెబుతుంది. మూసేటప్పుడూ తెరిచేటప్పుడూ ఐదు పది సెంట్ల తేడా ఉంటే అది వయసు వల్ల వచ్చిందే, ఆంగ్లో అని భయపడక్కర్లేదు. ఒక దిక్కున పలికి రెండో దిక్కున మూగబోతే ఆ రీడ్ ఒక్కటే ఇరుక్కుంది. ఇక అన్ని బటన్లూ దాదాపు 47 సెంట్లు పైన చూపిస్తే, అది పాత బ్రిటిష్ హై పిచ్. ఏ ని 440 దగ్గర కాకుండా 452 చుట్టుపక్కల పెట్టిన కాలంలో చేసిన వాద్యం. బ్రిటన్‌లో బ్రాస్ బ్యాండ్‌లు 1960ల దాకా ఆ శ్రుతిలోనే ఉండిపోయాయి కనక ఇలాంటివి చాలానే మిగిలాయి. యాప్ ఇక్కడ తికమక పెడుతుంది. 47 సెంట్లంటే అరమెట్టులో ఇంచుమించు సగం. ఒక బటన్‌ని సి అంటుంది, దాని పక్క ఆక్టేవ్‌ని సి షార్ప్ అంటుంది. అమరికే అస్తవ్యస్తం అనుకునేవాళ్లలో చాలామందిని పడగొట్టేది ఇదే. యాప్‌లో ఏ విలువని 452కి మార్చి మళ్లీ చూడండి, పటం చక్కబడుతుంది.

హై పిచ్ వాద్యం కొనాలా వద్దా? ఒంటరిగా వాయించేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. ఫైన్ ట్యూనింగ్ ఉన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెని దానికి కలుపుకోవచ్చు, వయొలిన్ కూడా ఆ మేరకి బిగించుకోవచ్చు. హార్మోనియంతో, కీబోర్డుతో మాత్రం ఎప్పటికీ కలవదు. ఒకటికీ ఒకటిన్నరకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది కనక స్కేలు మార్చి సర్దుకునే దారి కూడా లేదు. శ్రుతి దించాలంటే 96 రీడ్ల నాలుకలనీ మొదలు దగ్గర ఒక్కొక్కటిగా పలచన చెయ్యాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగడం న్యాయం. ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఊళ్లలో మంచి హార్మోనియం రిపేరు పనివాళ్లు ఉన్నారు, వాళ్ల చెవి గొప్పది. కాని వాళ్ల చెయ్యి అలవాటుపడింది ఇత్తడి నాలుకలకి. లాషెనాల్ మంచి మోడళ్లలో నాలుకలు ఉక్కువి, ఇత్తడి చట్రంలో బిగించి, ఆ చట్రాన్ని చెక్క గాడిలోకి నెట్టి ఉంచుతారు. ఇత్తడికి చేసినట్టు ఆకురాయి పెడితే నాలుక పాడవుతుంది, అలాంటి రీడ్ మళ్లీ దొరకదు. కాన్సర్టీనా పని తెలిసిన చేతికే ఇవ్వండి.

తెరిచి చూడడం మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు. ఒక్కో పక్కకి ఆరు బోల్టులు. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ తీసుకుని, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా వరసగా వదులు చెయ్యండి. ఒకదాన్ని పూర్తిగా తీసి ఇంకోదానికి వెళ్తే చెక్క మెలిపడుతుంది. తీసిన బోల్టుల్ని అట్టముక్కకి చిల్లులు పొడిచి అదే క్రమంలో గుచ్చి ఉంచండి, ఒకదాని చిల్లులో ఇంకొకటి సరిగా పట్టకపోవచ్చు. పై భాగం ఎత్తితే లీవర్లు, ప్యాడ్లు కనిపిస్తాయి, దాని కింద రీడ్లున్న పలక. పలక మీద ప్రతి రీడ్ దగ్గరా స్వరం పేరు ముద్ర కొట్టి ఉంటుంది. మీ కాయితంతో ఆ ముద్రల్ని పోల్చండి. తేడా ఉన్నచోట ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. సీరియల్ నంబర్ రెండు పలకల మీదా, లీవర్ల పెట్టెల మీదా ఒకటే అయ్యుండాలి. కాకపోతే రెండు వాద్యాల ముక్కలు కలిపి ఒకటి చేశారు, దానికి అసలు ధర ఇవ్వకండి.

లోపాల విషయానికొస్తే, బటన్ వదిలాక కూడా స్వరం మోగుతూ ఉంటే స్ప్రింగ్ విరిగింది, లేదా బటన్ చిల్లు అంచున పట్టేసింది. ఇది చిన్న పని, ఇత్తడి తీగ స్ప్రింగులు దొరుకుతాయి. ఒక బటన్ నొక్కితే పక్క స్వరం కూడా సన్నగా వినిపిస్తే, పలక వంకరపోయి గదుల మధ్య గాలి దాటుతోంది. ఇది కొంచెం కష్టమైన పని. స్వరం ఆలస్యంగా, బుసకొడుతూ వస్తే రీడ్ వెనకాల తోలు వాల్వు ముడుచుకుంది. బెలోస్‌కి పరీక్ష: మూసి ఉంచి, ఏ బటనూ నొక్కకుండా ఒక పక్క పట్టీతో ఎత్తి వేలాడదీయండి. కింది భాగం నెమ్మదిగా జారాలి. పది సెకన్లలోపే పూర్తిగా కిందికి దిగిపోతే లీకు పెద్దదే. లీకు బెలోస్ మూలల్లోనే ఉండాలని లేదు. ప్యాడ్లు గట్టిపడినా, చెక్క ఎండిపోయి పలక వదులైనా ఇలాగే జారుతుంది.

ఈ చెక్క ఎండడం మనవాళ్లకి ముఖ్యమైన విషయం. లండన్ తేమకి అలవాటుపడిన పలక హైదరాబాద్ మే నెల ఎండకి కుంచించుకుపోతుంది. రీడ్ చట్రాలు గాడిలో వదులై గరగర శబ్దం వస్తుంది, కొన్ని మూగబోతాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట వర్షాకాలంలో దీనికి తలకిందులు: చెక్క ఉబ్బి చట్రాన్ని నొక్కితే నాలుక గోడకి తగిలి ఆగిపోతుంది, ఉక్కు తుప్పు పడుతుంది. రెంటికీ కంగారుపడి రీడ్ పీకకండి. వదులైతే పలక కింద ఆనే దిమ్మెల మీద సన్నటి అట్టముక్క వేస్తే చాలాసార్లు సరిపోతుంది. బిగిస్తే చట్రాన్ని వేలితో కాస్త వెనక్కి నెడితే నాలుక విడుదలవుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు. పెట్టెలో బటన్లు పక్కలకి ఉండేలా, వాయించేటప్పుడు ఉన్న భంగిమలోనే పడుకోబెట్టండి. నిలబెట్టి ఉంచితే ఒక దిక్కు వాల్వులు తమ బరువుకి వేలాడి ముడుచుకుంటాయి.

ధర విషయంలో క్రేన్ కొనేవాళ్లదే పైచెయ్యి. జెఫ్రీస్ అనే పాత తయారీదారు చేసిన ఆంగ్లోలు వేల పౌండ్లు పలుకుతుంటే, అదే కాలపు, అంతే శ్రద్ధగా చేసిన డ్యూయెట్‌లు చాలా తక్కువకి వెళ్తాయి, వాయించేవాళ్లు తక్కువ కాబట్టి. ఆ తేడా వల్లే పాత డ్యూయెట్‌లని విప్పి వాటి రీడ్లతో ఆంగ్లోలు చేసి అమ్మే పని కూడా నడుస్తోంది. మంచి క్రేన్‌ని అలా విప్పించడం మాకు బాధగా ఉంటుంది. విప్పినదాన్ని మళ్లీ క్రేన్ చెయ్యడం ఇంచుమించు అసాధ్యం. ఐరిష్ నాట్య సంగీతం వాయించాలనే కొంటుంటే క్రేన్ జోలికి రాకండి, ఆ సంగీతం ఆంగ్లో మీద పెరిగింది, పాఠాలూ దానికే ఉన్నాయి. కొత్త వాద్యమే కావాలంటే కాన్సర్టీనా కనెక్షన్ వాళ్ల రోషెల్ ఆంగ్లో, జాకీ ఇంగ్లిష్ మొదటి మెట్టుకి సరిపోతాయి. పాట, ఆధారం రెండు చేతులకీ పంచి వాయించాలి, అమరిక లెక్కగా ఉండాలి అనుకునేవాళ్లకి పాత క్రేనే మా ఎంపిక.

విదేశంలోని చుట్టాల చేత తెప్పించుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు అమ్మేవాళ్లని అడగాల్సినవి ఇవి. రెండు పక్కల ఫొటోలు నేరుగా ముందునుంచి, బటన్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టేలా. బెలోస్ పూర్తిగా తెరిచి మడతల మూలల ఫొటో. ఒక పక్క విప్పి రీడ్ల పలక ఫొటో, సీరియల్ నంబర్ కనపడేలా. చివరగా, కుడి పక్క కింది వరస మధ్యలోని మూడు బటన్లు ఒక్కోటి మూస్తూ, తెరుస్తూ వాయించిన చిన్న వీడియో. ఆ మూడూ సి, డి, ఇ అని వినిపించి రెండు దిక్కులా మారకుండా ఉంటే, చీటీ మీద ఏం రాసి ఉన్నా మీకు రాబోయేది క్రేన్.